పగడపు బుడ్డి - భండారి ధర్మము

పరిగ్రహమనగా కూడబెట్టుట. బంగారమును, భూమిని, ధాన్యమును మితిమీరి కూడబెట్టువానిని లోకము లోభి అని పిలుచుచున్నది. అందులో సందేహమునకు తావు లేదు. కాని లోకము లోభమని పిలువని కూడబెట్టుట మరియొకటి కలదు. అది అందమైన ప్రాచీన వస్తువుల సేకరణ. దానిని కొందరు కళాభిమానమందురు, కొందరు వ్యసనమందురు. శరణ ధర్మమును నమ్మిన మనము దాని నేమనవలెను? ఇది ధనవంతుల మేడలకు సంబంధించిన ప్రశ్న, మనకేల అని తోచవచ్చును. విచారించి చూచినచో ఇది మన యిండ్ల అటకల దాకా, మన మఠముల బీరువాల దాకా వచ్చు ప్రశ్నయే.

విచారణకు ఒక చిన్న వస్తువును తీసికొందము. అది చీనా దేశపు పగడపు నస్యపు బుడ్డి. మన యూళ్ళలో వెనుకటి పెద్దలు ముక్కుపొడుమును చిన్న డబ్బీలో పోసి మొలలో దోపుకొనెడివారు. ఆ పొడుమే పుగాకుతో పాటు అమెరికా ఖండమునుండి ఐరోపాకు, అక్కడినుండి పాదరీల చేత, వర్తకుల చేత చీనాకు చేరినది. 1644 నుండి 1912 వరకు చీనాను ఏలిన చింగ్ వంశపు చక్రవర్తుల కాలమున నస్యము పీల్చుట ఆస్థాన మర్యాద అయినది. ఐరోపా వారు నస్యమును డబ్బీలలో పెట్టుకొనగా, చీనావారు సన్నని మూతిగల బుడ్లలో పోసికొనిరి. బుడ్డి అరచేతిలో ఇమిడిపోవును. దాని బిరడాకు లోపలివైపున పొడుము తీయుటకు సన్నని చెంచా అమర్చియుండును.

ఈ బుడ్లను గాజుతో చేసిరి, పింగాణితో చేసిరి, పచ్చరాతితో, స్ఫటికముతో, ఏనుగు దంతముతో చేసిరి. పగడమును ఎక్కువగా బిరడాలకే వాడిరి. బుడ్డి మొత్తమును పగడముతో చెక్కుట అరుదు. ఏలయన పగడపు కొమ్మలు సాధారణముగా సన్ననివి. బుడ్డికి చాలినంత లావు గల కొమ్మ దొరికినప్పుడు శిల్పి దానిని లోపల తొలిచి, పైన పూలతీగెలను, పక్షులను, మనుష్యరూపములను ఉబ్బెత్తుగా చెక్కెడివాడు. ఉలి ఒక్కసారి తప్పినచో కొమ్మ అంతయు వ్యర్థమగును. ఆ దేశమున పగడమునకు ఎంత గౌరవమనగా, చింగ్ ఆస్థానములో రెండవ శ్రేణి అధికారి టోపీమీద ధరించు గుండు పగడముతో చేసినదే.

మనము పగడమును నవరత్నములలో చేర్చితిమి. కాని అది భూమిలో పుట్టిన రాయి కాదు. సముద్రపు అడుగున రాళ్ళను పట్టుకొని బ్రతుకు చిన్న జీవులు గుంపుగా చేరి, తమకు ఆధారముగా కట్టుకొన్న సున్నపు ఎముకయే పగడము. మధ్యధరా సముద్రపు ఎర్ర పగడము ఏడాదికి అర మిల్లీమీటరైనను లావెక్కదు. బొటనవ్రేలంత లావు కావలెనన్నచో ఏబది ఏండ్లు పట్టును, అంతకు మించియు పట్టును. తాత చూచిన మొలకను మనుమడు కొమ్మగా చూచునన్నమాట. అట్టి కొమ్మలను తీయుటకు వెనుకటి పగడపు జాలరులు కొయ్యను శిలువవలె కట్టి, దానికి వలలు వ్రేలాడదీసి, సముద్రపు అడుగున ఈడ్చెడివారు. చేతికి చిక్కిన దానికన్న విరిగి అడుగున పడిపోయినదే ఎక్కువ. ఐరోపా దేశములు ఈ పద్ధతిని 1994లో నిషేధించినవి. చీనా దేశము కూడ తన సముద్రములలోని కొన్ని పగడపు జాతులను 2008లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒడంబడిక పట్టికలో చేర్పించినది.

ఈ వస్తువునకు మన నేలతోడను సంబంధము కలదు. 17, 18వ శతాబ్దులలో ఇటలీలోని లివోర్నో రేవునుండి పగడము ఓడలమీద గోవాకు వచ్చెడిది. లండను వర్తకులు దానిని చెన్నపట్టణమునకు కూడ పంపెడివారు. పగడమునకు ప్రతిగా ఇక్కడినుండి పోయినవి వజ్రములు. వానికి గోలకొండ వజ్రములని పేరు. త్రవ్వినది కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులలో. నల్లగొండ, మహబూబునగరు సీమల అంచులను ఒరసికొని పారు ఆ కృష్ణ యొడ్డున కూలివారు మట్టిని జల్లెడ పట్టిరి. అక్కడ మధ్యధరా సముద్రమున జాలరులు వల లీడ్చిరి. ఒకరి చెమటకు మరియొకరి చెమట మారకమైనది. వజ్రమైనను, పగడమైనను త్రవ్వినవాని యింట, తీసినవాని యింట నిలువలేదు.

ఇక సేకరణ మాట. 1912లో చింగ్ వంశము కూలెను. నస్యపు మర్యాదయు క్రమముగా అడుగంటెను. పొడుము పోయినది, బుడ్డి మిగిలినది. ఉపయోగము తీరిన తరువాత దానికి వెల పెరిగినది. ఐరోపా, అమెరికా ఖండముల ధనవంతులు ఏరి ఏరి కొనిరి. మన దేశమున ఇట్టి సేకరణకు ప్రసిద్ధుడు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలార్ జంగ్. 1889లో పుట్టి, 1912 నుండి 1914 వరకు హైదరాబాదు సంస్థానమునకు దివానుగా నుండి, ఆ పదవిని వీడిన పిమ్మట 1949లో మరణించు వరకు ఆయన వస్తువులను కూర్చుచునే యుండెను. ఆయన వివాహము చేసికొనలేదు. దేశదేశముల వర్తకులు ఆయన దేవిడీకి వచ్చి వస్తువులను చూపెడివారు. నేడు హైదరాబాదులో మూసీ యొడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియములోని చీనా విభాగమున పింగాణి పాత్రలతో పాటు నస్యపు బుడ్లు కూడ కలవు.

ఆ వస్తువులను కొన్న రూకలు ఎక్కడివి? జాగీరులవి. సాలార్ జంగ్ వంశపు జాగీరులలో మన పాలమూరు సీమలోని కోస్గి ఒకటి, నల్లగొండ సీమలోని రాయగిరి ఒకటి, గవిమఠము వెలసిన కొప్పళ మరియొకటి. వానకు ఎదురుచూచు ఎర్రనేలలలో జొన్నలు పండించిన రైతు కట్టిన శిస్తులో కొంత ఆ గాజు బీరువాలలో గాజుగా, పచ్చరాయిగా మెరయుచున్నది. ఈ మాట నిందగా చెప్పుట లేదు. వస్తువు ఎచ్చటనుండి వచ్చెనో దాని వెల కూడ ఎచ్చటనుండియో వచ్చెనని గుర్తు చేయుట మాత్రమే.

సేకరించువాని పక్షమున చెప్పదగిన మాట కూడ ఉన్నది. దానిని చెప్పక తీర్పు చేయుట న్యాయము కాదు. ఎవరో ఒకరు ముచ్చటపడి దాచియుండనిచో ఆ బుడ్లలో పెక్కు పగిలి, పారవేయబడి, మన్నయి పోయెడివి. వానిని చెక్కిన శిల్పుల పేర్లు మనకు తెలియవు. వారి కాయకము మాత్రము మిగిలినది. కాయకమే కైలాసమని నమ్మిన మనకు ఆ పనితనము పూజ్యము కాదా? అనుభవ మంటపమున కుమ్మరియు, చాకలియు, పడవవాడును, త్రాళ్ళు పేనువాడును సమానముగా కూర్చుండిరి. చీనా శిల్పి వచ్చియున్నచో ఆతనికిని అక్కడ పీట దొరకియుండెడిది. కావున అందమైన వస్తువును ప్రేమించుట దోషమని శరణ ధర్మము చెప్పదు. దోషమున్నచో అది ప్రేమలో లేదు, పట్టులో ఉన్నది.

పట్టు ఎట్టిదో తెలిసికొనుటకు బసవేశ్వరుని ఉద్యోగమును స్మరింపవలెను. ఆయన బిజ్జలుని భండారి. రాజ్యపు ధనమంతయు ఆయన చేతిమీదుగా వచ్చెడిది, పోయెడిది. తాళపుచెవి ఆయన మొలలో నుండెడిది. ధనము మాత్రము ఆయనది కాదు. భండారము నంతటిని జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడీ చెప్పగా, లెక్క చూచినప్పుడు ఒక్క మాడయు తక్కువ కాలేదను కథ పాల్కురికి సోమనాథుని బసవ పురాణమున ప్రసిద్ధము. ఆ కథలోని మహిమను భక్తులు భక్తితో గ్రహింతురు. అందులోని నీతిని అందరును గ్రహింపవచ్చును. ధనము నడుమ కూర్చుండియు ధనము తనదనుకొననివాడు భండారి. అదే ధనము నడుమ కూర్చుండి ఇది నాది యనుకొనువాడు యజమాని. ఇద్దరి చేతిలోను తాళపుచెవి ఒక్కటే.

కావున మన ప్రశ్నను ఇట్లు మార్చవలెను: వస్తువును దాచువాడు దానికి యజమానియా, భండారియా?

భండారికి మూడు గుర్తులు కలవు. మొదటిది లెక్క. వస్తువు ఎచ్చటిది, ఎవరి చేతినుండి వచ్చినది, ఏ బాధ పెట్టి వచ్చినది అని భండారి ఎరుగును, అడిగినవారికి చెప్పును. రెండవది తలుపు. భండారము మూసియుండునది గాని, అవసరమైనవారికి తెరచుటకే మూసియుండునది. మూడవది అప్పగింత. భండారి పోవునాడు తాళపుచెవిని మరియొకరికి అప్పగించి పోవును. వెంట కొనిపోడు, విరుగగొట్టడు. యజమానికి ఈ మూడును భారమే. ఎచ్చటిదని అడిగినచో కోపము, చూపుమన్నచో భయము, విడువవలసి వచ్చినచో దుఃఖము.

ఈ కొలతతో చూచినచో సాలార్ జంగ్ కథ ఆలోచింపదగినది. ఆయన జీవించియున్నంత కాలము ఆ వస్తువులు ఆయన దేవిడీలోనివి. ఆయన పోయిన తరువాత 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలో మ్యూజియమును ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో అది నేటి భవనమునకు మారినది. ఒక్కని ముచ్చట ఊరందరి చదువైనది. కోస్గి రైతు మనుమడు నేడు టిక్కెట్టు కొని లోపలికి పోయి, తన తాత శిస్తుతో కొన్న వస్తువును తన కన్నులతో చూడవచ్చును. తలుపు ఆలస్యముగా తెరచుకొన్నది, అయినను తెరచుకొన్నది. మరియొక ప్రసిద్ధ సేకరణ కథ వేరు. జార్జి, మేరీ బ్లాక్ దంపతులు కూర్చిన 1,700కు పైబడిన చీనా నస్యపు బుడ్లు 2010 నుండి 2015 వరకు పది విడతలుగా హాంకాంగులో వేలమునకు వచ్చి చేతులు మారి చెదరిపోయినవి. అట్లు పోవుట నేరము కాదు. కాని ఒక్కచోట చేర్చుటకు ఎంతటి ఓపిక కావలెనో, చెదరుటకు సుత్తిదెబ్బ ఒక్కటి చాలునని దానివలన తెలియుచున్నది.

సేకరించువాని నోట ఎప్పుడును వినబడు మాట ఒకటి కలదు: “ఇంకొక్కటి.” ఆ మాటకు మందు ఆయ్దక్కి లక్కమ్మ కథలో ఉన్నది. ఆమె భర్త మారయ్య కల్యాణ నగరమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, దానితో దాసోహము నడపెడివాడు. ఒకనాడు ఆయన ఎప్పటికన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు రోజూ చాలునంతకు మించి ఇదేల, ఎక్కడ తెచ్చితివో అక్కడనే పోసి రమ్మనెను. గమనింపుడు: ఆ బియ్యము దొంగసొమ్ము కాదు, తినుటకు గాక దాసోహమునకు తెచ్చినదే. అయినను ఆమె ఒప్పుకొనలేదు. సత్కార్యమను పేరు పెట్టుకొని లోపలికి వచ్చు లోభమును ఆమె గడపలోనే పట్టుకొన్నది. కళాభిమానమను పేరు పెట్టుకొని వచ్చునది కూడ ఆ గడప దగ్గరనే నిలువవలెను.

పగడము విషయమున లక్కమ్మ మాట మరింత కఠినముగా వర్తించును. రెండువందల ఏండ్ల నాటి బుడ్డిని తిరిగి సముద్రమున నాటలేము. దానిని భద్రపరచుటయే శిల్పికిని, ఆ జీవులకును చేయగల మర్యాద. కాని పాత పగడమునకు వెల పెరిగిన కొలది క్రొత్త పగడమునకు ఆశ పుట్టును. ఏబది ఏండ్లలో పెరిగిన కొమ్మను ఒక్క పూటలో విరుచువాడు, మనుమని పళ్ళెములోని బియ్యమును తాత తిన్నట్లు చేయుచున్నాడు. పాతదానికి భండారి కావచ్చును. క్రొత్తదానిని తెగనరికించి భండారి ననుకొనుట ఆత్మవంచన.

ఒకప్పుడు మ్యూజియమునకు పిల్లలను తీసికొని పోయినప్పుడు ఆరవ తరగతి పిల్లవాడొకడు నస్యపు బుడ్లను చూచి, “సార్, వీటిలో పొడుము ఉన్నదా?” అని అడిగెను. లేదన్నచో, “మరి ఇంత పెద్ద తాళమెందుకు?” అనెను. ఆ ప్రశ్న నవ్వుకొని విడువదగినది కాదు. లోపలిది పోయి, తొడుగు మిగిలి, తొడుగునకే తాళము పడుట లోకమున తరచుగా జరుగునదే.

మన మెడలలో కూడ ఒక చిన్న తొడుగున్నది. వెండి లింగకాయ. ఎంత నగిషీ పనితో చేసినను దాని గౌరవమంతయు లోపలి ఇష్టలింగమువలననే. ఇక్కడ మన పెద్దలు చేసిన ఏర్పాటును ఆలోచింపుడు. ఇష్టలింగమును గురువు శిష్యుని అరచేత పెట్టును. జీవించినంత కాలము అది దేహమును విడువదు. దేహము సమాధి యగునాడు దానితోడనే మన్నులోనికి పోవును. తండ్రి లింగము కుమారునికి వారసత్వముగా రాదు. కుమారుడు తన గురువు వద్ద తనది తాను పొందవలెను. ఏ వస్తువు మనకు అన్నిటికన్న ప్రియమో ఆ వస్తువును కూడబెట్టుటకు వీలులేకుండ మన ధర్మము కట్టడి చేసినది. పది తరముల లింగములను వరుసగా పేర్చి చూపగల ఇల్లు వీరశైవులలో లేదు, ఉండరాదు. అపరిగ్రహమునకు ఇంతకన్న గొప్ప పాఠము ఏ గ్రంథమున వెదకినను దొరకదు.

కాని లింగము పోగా మిగిలినవి కొన్ని యిండ్లలో ఉన్నవి. పాత వెండికాయలు, ఇత్తడి గంటలు, విభూతి పళ్ళెములు, చెక్కడపు పని గల ద్వారబంధములు, తాటాకు గ్రంథములు. పాత సామానుల వ్యాపారులు ఊరూర తిరిగి వీనిని తూకమునకు కొనుచున్నారు. మన తూకమునకు పోయినది నగరమున ప్రాచీన వస్తువను పేరుతో పదింతల వెలకు నిలుచును. 1972లో చేయబడి 1976 ఏప్రిల్ 5న అమలునకు వచ్చిన పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన కళావస్తువును, డెబ్బది యైదేండ్లు దాటిన విలువైన వ్రాతప్రతిని దేశము దాటించుటకు ప్రైవేటు వ్యక్తులకు అధికారము లేదు; పురావస్తువుల వ్యాపారమునకు లైసెన్సు ఉండవలెను. ఈ సంగతి మన యిండ్లలో ఎందరికి తెలియును?

కూతురి చదువునకో, ఆస్పత్రి ఖర్చునకో వెండికాయ నమ్ముకొన్న తల్లిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. వెండికన్న బిడ్డ ఎక్కువ. కాని అవసరము లేకయే, అటకమీద చోటు చాలదని తాటాకుల కట్టను పాత సామానువానికి వేయుట వేరు. ఆ కట్టలో ఏమున్నదో చదివించి చూడక వేసినవాడు లెక్క తెలియని భండారి.

మరియొక మాట వినయముతో మనవి చేయవలసియున్నది. అమ్ముట ఒక్కటే దోషము కాదు. మఠముల బీరువాలలో తాళము వేయబడి, పూజకు పసుపు కుంకుమలు పొందుచు, ఎవరును విప్పక, చెదలు తినుచున్న గ్రంథముల మాట ఏమి? మేము అమ్మలేదు, కాపాడితిమి అని తృప్తి పడవచ్చును. కాని తెరువని భండారము యజమానిది, భండారిది కాదు. ధనవంతుని గాజు బీరువాలోని పగడపు బుడ్డికిని, మఠపు చెక్క బీరువాలోని తెరువని గ్రంథమునకును భేదమేమి? బుడ్డి కనీసము కంటికి కనబడుచున్నది. గ్రంథమున శరణుల పలుకే ఉన్నచో, దానిని చదువనీయక దాచుట ఆ పలుకును రెండవసారి సమాధి చేయుట.

చేయదగినది కష్టమైన పని కాదు. ప్రతి మఠము తనవద్ద నున్న గ్రంథములకు, ప్రాచీన వస్తువులకు ఒక పట్టిక వ్రాసికొనవలెను. ఏ భక్తుడు ఏనాడు ఇచ్చెనో తెలిసినంత వ్రాయవలెను. ఏడాదికి ఒకనాడు, బసవ జయంతినాడైనను, వానిని బయట పెట్టి పిల్లలకు చూపవలెను. తాటాకులను ఛాయాచిత్రములు తీయించినచో మూలము పోయినను పలుకు నిలుచును. 2003లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ వ్రాతప్రతుల ఉద్యమము ఇందుకొరకే ఏర్పడినది. ఇంటిలో ఉంచుకొనలేని ప్రాచీన వస్తువులున్నచో కొలనుపాకలోను, నల్లగొండ ప్రక్కన పానగల్లులోను వస్తు ప్రదర్శనశాలలు కలవు. రేణుకాచార్యుల అవతార స్థలమని మనము నమ్ము కొలనుపాక నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను అది మన నల్లగొండ సీమయే. అమ్ముటకన్న అప్పగించుట మేలు.

మోళిగె మారయ్య కాశ్మీర రాజ్యమును విడిచి వచ్చి కల్యాణమున కట్టెలమోపులు అమ్ముకొని బ్రతికెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. విడిచిన రాజ్యములో ఎన్ని రత్నములుండెనో ఆయన ఎన్నడును లెక్కపెట్టి చెప్పలేదు. మనమందరము మారయ్యలము కాలేము. ఇంటిలో నాలుగు మంచి వస్తువు లుండుట, వానిని తుడిచి చూచుకొనుట మనుష్య సహజము. అది తప్పు కాదు. కాని ఒక్కొక్క వస్తువును చేతికెత్తుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది ఎవరి చెమట? దీనిని ఎవరికి చూపితిని? దీనిని ఎవరికి అప్పగింతును? మూడింటికిని సమాధానమున్నచో ఆ వస్తువు మన చేతిలోని దాసోహము. లేనిచో అది ఎంత ఎర్రని పగడమైనను, పొడుము లేని బుడ్డియే.

శరణు శరణార్థి.